రెప్పకు తెలియని కుట్టు

మా బాబాయి కుట్టినది చిరిగిందని ఇంతవరకూ ఎవరూ అనలేదు. మెత్తగా ఉందని కూడా ఎవరూ అనలేదు. బస్సు సీట్లు, మోటారు సైకిల్ సీట్లు, పనిముట్ల సంచులు, నడుం బెల్టులు, నేను డ్రైవింగ్ నేర్పే కారుకు సీటు కవర్లు, అన్నీ ఆయన చేతి మీదుగా వచ్చినవే. క్లచ్ తొక్కమంటే బ్రేకు తొక్కి, భయంతో సీటును గోళ్ళతో పీకేవాళ్ళను రోజంతా పక్కన పెట్టుకుని తిరిగేదాన్ని కనుక, ఆ కవర్ల విలువ నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

ఆయన మా అమ్మ చెల్లెలి భర్త. పెళ్ళయిన కొత్తలో పిన్ని ముచ్చటపడి అడిగిందని ఒకే ఒక్కసారి దిండు గలీబు కుట్టాడు. అది దిండు లేకుండానే మంచం మీద నిలబడిందట. ఈ కథ మా అమ్మ చెప్పినన్నిసార్లు తన సొంత పెళ్ళి కథ కూడా చెప్పలేదు. బాబాయి ఎదురుగా ఉంటే మరీ విపులంగా, గలీబు ఎంత ఎత్తున నిలబడిందో చేత్తో చూపించి మరీ చెప్పేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

ఆయన కొట్టు మా వీధి చివర, రేకుల కప్పు కింద ఒకే గది. లోపలికి వెళ్ళగానే తోలు వాసన, నూనె వాసన, జిగురు వాసన ఒకేసారి తగులుతాయి. గది నడుమ ఆయన మిషన్. నల్లగా, బలంగా, ఎవరు చెప్పినా వినని మొండి రకం. దానికి దున్న అని పేరు పెట్టింది మా అమ్మే. ఎద్దు తోలును మడతలు మడతలుగా పెట్టినా కుట్టేసే దున్న అది. దాని పెడలు తొక్కాలంటే ఒంట్లో సత్తువ ఉండాలి.

బాబాయి ఎందుకంత తక్కువ మాట్లాడతాడో నేనొక కారణం కనిపెట్టాను. బట్ట కుట్టేవాళ్ళు తప్పు పోతే విప్పి మళ్ళీ కుట్టుకుంటారు. తోలుకు సూది దిగిందంటే ఆ చిల్లు ఇక పూడదు. అందుకే బట్ట కుట్టేవాళ్ళు కబుర్లు చెబుతూ పని చేస్తారు, తోలు కుట్టేవాళ్ళు నోరు మూసుకుని చేస్తారు. ఆయన మాట కూడా అలాగే ఉండేది. వెనక్కి తీసుకోవాల్సిన మాట ఆయన నోటి నుంచి రావడం నేను వినలేదు.

ఇక ఆయన వేళ్ళ సంగతి. కాయలు కాచి, బొటనవేలు చివర కూడా గట్టిపడిపోయి, పొయ్యి మీది గిన్నెను గుడ్డ లేకుండా దించేవాడు. పిన్ని వంటింట్లో పట్టకారు అనేదే లేదు. అవసరమైనప్పుడు మొగుణ్ణి పిలిచేది.

మా అమ్మ వేరే తరహా మనిషి. బస్సుల డిపోలో టిక్కెట్ల కిటికీ దగ్గర ఉద్యోగం చేసి రిటైరైంది. ఇస్త్రీ లేని బట్ట కట్టి గడప దాటి ఎరగదు. సాయంత్రమయ్యేసరికి శుభ్రంగా తయారై గుమ్మం ముందు కుర్చీ వేయించుకుని కూర్చునేది. వీధిలో వెళ్ళే ఏ ఒక్కరూ ఆమె నోటి నుంచి తప్పించుకునేవాళ్ళు కాదు. జుట్టు కత్తిరించుకున్నవాడిని, కొత్త చెప్పులు వేసుకున్న దాన్ని, అలిగి వెళ్తున్న కోడలిని, అందరినీ ఆపి ఓ మాట అంటేనే ఆమెకు రాత్రి నిద్ర పట్టేది. జనం కూడా ఆ మాట కోసమే మా ఇంటి మీదుగా వెళ్ళేవాళ్ళేమోనని నాకు అనుమానం.

అలాంటి మనిషికి ఒంటి మీద చర్మం ఉల్లిపొర అయిపోయే జబ్బు వచ్చింది. ఎక్కడ ఏది రాసుకున్నా బొబ్బ లేచేది, బొబ్బ పుండయ్యేది. అన్నిటికన్నా బట్టల కుట్లే శత్రువులు. భుజం మీది కుట్టు, చంక కింది కుట్టు, పక్కల కుట్టు, గీత గీసినట్టు అక్కడే చర్మం లేచిపోయేది. రవికె లేకుండా అమ్మ చీర కట్టదు, ఇక కుట్టు లేనిది దుప్పటి ఒక్కటే. అమ్మ దుప్పటి చుట్టుకుని వెనక గదిలో పడుకుంది. తలుపు వేయించింది. నన్ను తప్ప ఎవరినీ రానివ్వలేదు, సొంత చెల్లెల్ని కూడా.

డాక్టరమ్మ మంచిది. ఉన్నదున్నట్టు చెప్పింది. మందులతో చర్మం మెల్లగా నెమ్మదిస్తుందని, కానీ ఈలోగా ఇలా పడుకునే ఉంటే ఊపిరితిత్తులు పాడవుతాయని, చర్మం కన్నా ముందు అవే ప్రాణం మీదికి తెస్తాయని చెప్పింది. లేవాలి, కూర్చోవాలి, నడవాలి. అమ్మ గోడ వైపు తిరిగి, దుప్పటి చుట్టుకుని ఎక్కడికి నడవమంటారని అడిగింది. ఆ తరువాత ఎంత బతిమాలినా మంచం దిగలేదు. రోజు రోజుకూ దగ్గు పెరిగింది. ఆమెకు ఒక చొక్కా దొరకడం మీద ఆమె ప్రాణం ఆధారపడి ఉందని నాకు అర్థమైంది.

నేను తిరగని చోటు లేదు. కుట్లు లేవని చెప్పి అమ్మే చొక్కాలు తెచ్చాను. అవి సాగే రకం, తల మీంచి లాగేటప్పుడే చర్మాన్ని లాక్కుపోయాయి. చొక్కాను తిరగేసి తొడిగాను. కుట్టు బయటికి వచ్చినా దాని గట్టు లోపలికి ఒత్తుకుంది. ఎదురింట్లో గౌన్లు కుట్టే ఆవిడ ఉంది, వీధంతా గౌన్లక్క అంటారు. పాపం, ఆమె రకరకాలుగా కుట్టి ఇచ్చింది. ఏదీ మధ్యాహ్నం దాకా ఒంటి మీద నిలవలేదు.

బాబాయి వచ్చినప్పుడల్లా మూసిన తలుపు దగ్గర కాసేపు నిలబడి వెళ్ళేవాడు. ఒకరోజు బయటి నుంచే, ఏది గుచ్చుకుంటోంది వదినగారూ అని అడిగాడు.

“కుట్టు” అంది అమ్మ లోపలి నుంచి. “మీలాంటి వాళ్ళు కుట్టే ప్రతి కుట్టూను.”

అమ్మ విడిచేసిన చొక్కా ఒకటి నన్నడిగి తీసుకున్నాడు. భుజం కుట్టు మీద బొటనవేలు పెట్టి రాశాడు. ఆ వేలికి ఏం తెలుస్తుంది? అప్పుడు కళ్ళు మూసుకుని, ఆ కుట్టును కనురెప్ప మీద ఆనించి మెల్లగా లాగాడు. ఏడుస్తున్నాడనుకుని నేను మొహం తిప్పుకున్నాను. ఏడవడం లేదు. కొలుస్తున్నాడు. ఆ చేతులున్న మనిషికి పలచటి తోలు నునుపు చూడాలంటే రెప్ప ఒక్కటే పనికొస్తుందని తరువాత తెలిసింది.

“గట్టు ఉంది” అన్నాడు. “బట్టను మడిచి కుడతారు కదా, మడత మీద మడత. తోలును అలా మడవం. అంచు పలచన చేసి, ఒకదాని మీద ఒకటి పరిచి కుడతాం. వదినకి నేను కుడతాను.”

నాకు దిండు గలీబు గుర్తొచ్చింది. ఆయనకూ గుర్తొచ్చే ఉంటుంది, నా మొహం చూడకుండా వెళ్ళిపోయాడు.

ముందు గౌన్లక్క మిషన్ మీద ప్రయత్నించాడు. దున్నను తొక్కి తొక్కి బలిసిన పాదం అది. ఇలా పెట్టాడో లేదో ఆ చిన్న మిషన్ పరుగందుకుంది. బట్ట ముద్దయింది, సూది విరిగింది. గౌన్లక్క ఎంతో మర్యాదగా, అన్నయ్యా మీరు లేవండి, మీరు చెప్పినట్టు నేనే కుడతాను అంది. ఆయన ఒప్పుకోలేదు. వదిన ఒంటి మీదికి వెళ్ళేది కనుక ఎక్కడ తేడా వచ్చినా తన చేతికి తెలియాలన్నాడు. ఈ మిషన్ భాష తనకు రాదని, దున్న ఏ చప్పుడు ఎందుకు చేస్తుందో మాత్రం తెలుసని అన్నాడు. చివరికి కత్తిరింపు ఆమెది, కుట్టు ఈయనది అని ఒప్పందం కుదిరింది. ఆమె తన దగ్గరున్న వాటిలోకెల్లా పలచటి నూలుబట్ట తీసి, ఉతికి మెత్తబరిచి ఇచ్చింది.

ఆ రోజుల్లో నేను పాఠాలు తగ్గించుకుని కొట్లో కూర్చునేదాన్ని. సాయం చేయడానికని పేరు. నిజానికి ఇంట్లో ఆ దగ్గు వినలేక.

దున్న సూది మొన చిన్న కత్తిలా ఉంటుంది. గుచ్చదు, కోస్తుంది. తోలుకు అదే కావాలి. ఆ సూది కింద పలచటి బట్ట పెడితే కుట్టు పడలేదు, బట్ట వరసగా తెగింది. దున్నకు సరిపడే గుండ్రటి మొన సన్నసూదులు ఏ కొట్లోనూ లేవు. మిషన్లు బాగుచేసే ముసలాయన ఒకాయన తన రేకు డబ్బా బోర్లించి, తుప్పు పట్టినవి పక్కన పెట్టి, మంచివి ఏరి ఇచ్చాడు. ఎవరికోసమో విని వాటితోపాటు ఒక సీసా మంచి నూనె కూడా ఇచ్చాడు. ఆయన్ని తలుచుకుంటే ఇప్పటికీ చేతులు జోడించాలనిపిస్తుంది.

సూది మారితే సరిపోతుందనుకున్నాను. నాకేం తెలుసు. సూది కింది పలకలో ఉన్నది లావు సూదికని చేసిన రంధ్రం కదా, సన్నసూది దిగగానే బట్టను కూడా తనతోపాటు ఆ రంధ్రంలోకి లాక్కుపోయింది. దున్న అమ్మ చొక్కాను నమలడం మొదలుపెట్టింది. బాబాయి చేత్తో చక్రం వెనక్కి తిప్పి బట్టను విడిపించాడు. కాసేపు ఆలోచించి, చేతి తొడుగులకు వాడే పలచటి తోలు ముక్కను రంధ్రం మీద అంటించాడు. సూదిని మెల్లగా దించాడు. సూది తన దారి తానే చేసుకుంది, దాని లావు ఎంతో అంతే చిల్లు. బట్టకు ఇక జారే సందు లేదు. కుట్టు నేర్చినప్పటి నుంచీ తోలును కుట్టిన మనిషి, ఆ రోజు తోలును బట్టకు కాపలా పెట్టాడు.

తరువాత పాదం గొడవ. బట్టను పైనుంచి నొక్కిపట్టే ఆ ఇనుప పాదానికి పళ్ళుంటాయి. తోలు జారకుండా ఉండాలని. బట్ట మీద అవి కొరికిన గుర్తులు పడ్డాయి. పళ్ళను ఆకురాయితో అరగదీశాడు. అప్పుడు నాకు భయం వేసింది, ఎందుకంటే అరగదీసినది మళ్ళీ మొలవదు. బస్సు సీట్ల పని సగంలో ఆగి గోడకు ఆనించి ఉంది. అదే అడిగాను. ఆయన తలెత్తకుండా, పాదం ఇంకోటి చేయించుకోవచ్చు అన్నాడు. ఇంకో వదిన దొరకదు అని అనలేదు. అనకపోయినా నాకు వినిపించింది.

పాదం ఒత్తిడి తగ్గించే మర ఎన్నాళ్ళుగానో ఎవరూ ముట్టుకోక రంగుతో, జిడ్డుతో బిగుసుకుపోయింది. కిరసనాయిలు చుక్కలు వేసి నానబెట్టి తిప్పాడు. తిప్పే ముందు పాత చోట మేకుతో సన్నటి గీత గీసుకున్నాడు. పై దారం బిగువు తగ్గించాడు, బాబిన్ దారం బిగువు తగ్గించాడు, కుట్టు పొడుగు తగ్గించాడు. అయినా మధ్య మధ్య కుట్టు తప్పిపోయింది. సూది సన్నబడింది కదా, కింద షటిల్ కొక్కేనికి దారం అందడం లేదు. కొక్కేన్ని వెంట్రుకవాసి దగ్గరికి జరిపాడు. అప్పుడు అందింది. దున్న మొదటిసారి చిన్న గొంతుతో పలికింది.

పెడలు మాత్రం ఆయన నమ్మలేదు. కాలు తీసేసి, చేత్తో చక్రం తిప్పుతూ ఒక్కొక్క కుట్టే వేశాడు. అంచుకు గంజి రాసి పీచు లేవకుండా చేసి, ఒక అంచును ఇంకో అంచు మీద పరిచి, మడత అనేదే లేకుండా చొక్కా కుట్టాడు. గౌన్లక్క ఇస్త్రీ చేసింది. రెప్ప మీద లాగి చూసి, కొంచెం తెలుస్తోంది, అయినా చూద్దాం అన్నాడు.

అమ్మ తొడుక్కుంది. అంతకు ముందు వాటికన్నా ఎక్కువసేపే ఉంచుకుంది. సాయంత్రానికి భుజం మీద ఎర్రటి గీత తేలింది. మారు మాట్లాడకుండా చొక్కా విప్పి ఇచ్చి దుప్పటి లాక్కుంది. బాబాయి కుట్టినదాన్ని చేతిలో పట్టుకుని కూడా అమ్మ ఒక్క వెక్కిరింపు మాట అనలేదంటే, ఆమె లోపల ఏదో ఆరిపోతున్నట్టే.

ఆ సంగతి ఆయనకు చెప్పాను. విని తల వంచుకుని రెండో చొక్కా మొదలుపెట్టాడు. ఆయన మనసు అక్కడ లేదు. భుజం కుట్టు ముగించి, దారం తెంపి, బట్టను తీసుకెళ్ళి రాతిబండ మీద పెట్టి, నీళ్ళు చిలకరించి, చెక్క సుత్తి తీసుకుని దెబ్బలు వేయడం మొదలుపెట్టాడు. తోలు పనిలో అది ఆఖరి పని. కుట్టు అయ్యాక సుత్తితో అణిస్తే అంచులు ఒకదానిలో ఒకటి కూర్చుంటాయి. ఎన్నో ఏళ్ళ అలవాటు, చెయ్యి దానంతటది చేసుకుపోయింది.

“బాబాయ్, అది బస్సు సీటు కాదు” అని అరిచాను. నా గొంతు సంగతి నాకు తెలుసు, రోడ్డు మీద లారీవాళ్ళు కూడా ఉలిక్కిపడతారు. ఆయన ఉలిక్కిపడి, చేతిలోని సుత్తిని ఎవరిదో అన్నట్టు చూశాడు. బట్ట పాడైందని పక్కన పడేశాడు. నేనూ గొణుక్కుంటూ ఇంకో గుడ్డ సర్దుతున్నాను.

కాసేపటికి చూస్తే, పడేసిన ముక్క ఆయన చేతిలో ఉంది. రెప్ప మీద లాగాడు. ఇటు కంటికి లాగాడు, అటు కంటికి లాగాడు. తరువాత నా వైపు చాచి, కళ్ళు మూసుకుని కుట్టు ఎక్కడుందో చెప్పమన్నాడు. లాగి చూశాను. ఒకచోట ఉందన్నాను. అక్కడ లేదు. ఇంకోచోట అన్నాను. అక్కడా లేదు. బట్ట మొదటి నుంచి చివరిదాకా ఒకటే ముక్కలా ఉంది. తడిసిన బట్ట, తడిసిన దారం సుత్తి కింద అణిగి ఒకటైపోయాయి.

ఆ తరువాత ఆయన్ని ఆపేవాళ్ళు లేరు. కింద మెత్తటి తోలు పరిచి, తేలిగ్గా, ఓపికగా, చొక్కా కుట్లన్నీ సుత్తితో అణిచాడు. గంజి పోయేదాకా ఉతికి ఆరేశాడు. ఆరాక మళ్ళీ తడిపి అణిచాడు. వీధిలో పోయేవాళ్ళు కొట్లోకి తొంగిచూసి, ఈయనకేమైందిరా, పాపం చొక్కాను కొడుతున్నాడు అనుకున్నారట.

అమ్మ తొడుక్కుంది. మధ్యాహ్నం మెడ దగ్గర బట్ట ఎత్తి చూశాను. ఏమీ లేదు. సాయంత్రం చూశాను, ఏమీ లేదు. మాటిమాటికీ చూస్తుంటే అమ్మ విసుక్కుని నా చెయ్యి తోసేసింది. ఆ విసుగు వినడం నాకెంత సంతోషమో చెప్పలేను. మర్నాడు పొద్దున నేను కాఫీ కలుపుతుంటే వెనక గది తలుపు చప్పుడైంది. అమ్మ గోడ పట్టుకుని నిలబడి ఉంది. దువ్వెన ఎక్కడ పెట్టి చచ్చావే అని అడిగింది.

ఆ సాయంత్రం గుమ్మం ముందు కుర్చీ పడింది. నేను ఎవరికీ చెప్పలేదు, అయినా వీధి అంతా ఏదో పని ఉన్నట్టు మా ఇంటి మీదుగా ఒక్కొక్కరే నడిచారు. అమ్మ ఒక్కరినీ వదల్లేదు. పిన్ని వచ్చి అక్కను తాకడానికి భయపడి, కుర్చీ చేతిని పట్టుకుని కూర్చుంది. బాబాయి దూరంగా, అవతలి వైపు అరుగు మీద నిలబడ్డాడు. అమ్మ ఆయన్ని పిలిచింది. చొక్కా ఎడమ చెయ్యి కుడి చెయ్యి కన్నా పొట్టిగా ఉందని చెప్పింది. నిజమే, ఉంది. ఆ తరువాత కాస్త గొంతు తగ్గించి అంది.

“మరిదిగారూ, నన్ను మళ్ళీ మనుషుల్లో కూర్చోబెట్టారు. ఆ దిండు గలీబు కథ ఇక చెప్పను.”

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. ఈసారి కొలవడం కాదు. అమ్మ మాట నిలబెట్టుకుందనుకునేరు. చీకటి పడకముందే కొత్తగా కాపురానికి వచ్చిన పక్కింటి అమ్మాయికి గలీబు కథ మొత్తం చెప్పేసింది. ఈసారి గలీబు ఇంకొంచెం ఎత్తు పెరిగింది.

దున్న ఆ తరువాత రెండు రకాల బతుకు బతికింది. కొన్నాళ్ళు సీట్లు, కొన్నాళ్ళు చొక్కాలు. బాబాయి మేకుతో గీసిన గీతల దగ్గరికి మరలు తిప్పేవాడు, మళ్ళీ వెనక్కి తిప్పేవాడు. కొత్త పాదం ఒకటి చేయించుకున్నాడు. డాక్టరమ్మ పంపగా ఒళ్ళు కాలిన ఒకాయన వచ్చాడు. పసిబిడ్డను ఒళ్ళో పెట్టుకుని ఒక తల్లి వచ్చింది. ఆ బిడ్డ చొక్కా కుట్టినప్పుడు సుత్తి కూడా మార్చాడు, చిన్నది, తేలికది చేసుకున్నాడు. నేను ఎప్పుడైనా కృతజ్ఞత లాంటిది నోటికి తెచ్చుకుంటే, కారు సీటు కవరు ఊడిందేమో చూడు అని మాట మార్చేవాడు. అది ఊడదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. మా అమ్మను మాకు కొన్నేళ్ళపాటు, నోటితో సహా, తిరిగి ఇచ్చింది ఆయనే.

అమ్మ పోయింది చర్మం వల్ల కాదు. పెద్దతనం. ముందురోజు సాయంత్రం కూడా గుమ్మంలో కూర్చుని ఎవరి గొడుగునో వెక్కిరించింది. తెల్లవారి చూస్తే నిద్రలోనే వెళ్ళిపోయి ఉంది.

వచ్చేవాళ్ళు వస్తున్నారు. బాబాయి కనిపించకపోతే కొట్టుకు వెళ్ళాను. దున్నకు సన్నసూది ఎక్కించి ఉంది. తోలు ముక్క అంటించి ఉంది. ఆయన చేత్తో చక్రం తిప్పుతూ చొక్కా కుడుతున్నాడు. చేతులు రెండూ సరిసమానంగా ఉన్నాయా అని మధ్యలో పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు. కుట్టడం అయ్యాక బండ మీద పరిచి, నీళ్ళు చిలకరించి, చెక్క సుత్తి అందుకున్నాడు.

“ఇప్పుడు అమ్మకు ఏదీ గుచ్చుకోదు కదా బాబాయ్” అన్నాను.

“తెలుసమ్మా” అన్నాడు. సుత్తి ఆపలేదు. భుజాలు, చంకలు, పక్కలు, అన్ని కుట్లూ ఎప్పటిలాగే అణిచాడు. తరువాత చొక్కా రెప్ప దాకా తీసుకెళ్ళి, ఆగిపోయి, నా చేతిలో పెట్టాడు.

“ఇవాళ నా కళ్ళు సరిగా లేవు. నువ్వు చూడు.”

కళ్ళు మూసుకుని భుజం కుట్టును రెప్ప మీద లాగాను. ఏమీ తగల్లేదు. రెప్ప తడిగా ఉండి తెలియలేదేమోనని, కళ్ళు తుడుచుకుని మళ్ళీ లాగాను. నిజంగానే ఏమీ తగల్లేదు.